పడవకు ప్రస్థానం

ముందుగా చదివేవాళ్ళు నన్ను మన్నించాలి. అక్షరాలు నాకు పెద్దతనంలో వచ్చాయి. ఒత్తులూ దీర్ఘాలూ అక్కడక్కడ తప్పిపోతుంటాయి. ఒక పేజీ నింపడానికి నాకు చాలా పొద్దు పడుతుంది, మీరు దాన్ని గుక్కతిప్పుకోకుండా చదివేసినా నేనేమీ అనుకోను.

మిల్టన్‌లో కొత్తగా లేచిన టౌన్‌హౌసుల వరసలో కోదండరామ్ ఇల్లు. ఉద్యోగం మార్కమ్‌లో, సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్టు. హైదరాబాదులో చేశాడు, అమెరికాలో చేశాడు, ఇప్పుడు కెనడాలో చేస్తున్నాడు. ఎక్కడా అతను చేపట్టిన ప్రాజెక్టు చెడిపోలేదని పేరుంది. ఆ పేరు చెరువు గట్టు దాకానే పనిచేసింది. అతనికి బాస్ చేపలు పట్టే సరదా ఉంది, మూడేళ్ళుగా ఒక్క బాస్ కూడా పడలేదు.

బాస్ అంటే ఇక్కడి మంచినీటి చెరువుల్లో తిరిగే పెద్దనోటి చేప. పట్టుకోవడం మరీ అంత కష్టమేమీ కాదు. దగ్గర్లోని పడవల్లో పళ్ళూడిన పిల్లలు కూడా పట్టుకుని, ఫోటో దిగి, మళ్ళీ నీళ్ళలో వదిలేస్తుంటారు. ఆ పిల్లల దగ్గర సరైన సామాను లేదనీ, పద్ధతి తెలియదనీ, అందుకే వాళ్ళకు పడుతున్నాయనీ కోదండరామ్ నమ్మకం. అతని దగ్గర సామాను ఉంది. పద్ధతి కూడా ఉంది. లేనిదల్లా చేప.

ఆ సామానంతా బేస్‌మెంట్‌లో ఒక గదినిండా ఉండేది. గోడపొడుగునా గాలపు కర్రలు, వాటి కింద రీళ్ళు, వాటి కింద పెట్టెలు. పెట్టెల్లో రబ్బరు పురుగులు. ఆ రంగుల పేర్లు వింటే ఎవరైనా కూరల దుకాణం అనుకుంటారు. పుచ్చకాయ గింజ, పచ్చగుమ్మడి, అల్లనేరేడు.

రెండో గదిలో నిఖిల, ధరణి అనే ఇద్దరు కాలేజీ అమ్మాయిలు అద్దెకుండేవాళ్ళు. అవి మన పిల్లలు విమానాలకు విమానాలు నిండి వచ్చిన రోజులు. రాత్రి షిఫ్టుకు వెళ్ళినవాళ్ళ పరుపు మీద పగలు పనిచేసి వచ్చినవాళ్ళు పడుకునేవాళ్ళు. నిఖిల పిన్నికూతురు అనన్య కూడా వచ్చి, ఎవరింట్లోనో ఫ్రిజ్జుకూ గోడకూ మధ్య పరుపు పరుచుకుని ఉంటోంది. ఫ్రిజ్జు తలుపు తీయాలంటే ఆ పిల్లను లేపాలి.

ఈ సంగతి కోదండరామ్ భార్య బాలత్రిపురసుందరి చెవిన పడింది.

"ఏవండీ, కింద గదిలో అద్దె కట్టకుండా ఎవరుంటున్నారో తెలుసా?" అంది ఒక సాయంత్రం.

"ఎవరు?"

"పురుగులు. ఒక్కో రంగుకి ఒక్కో ఇల్లు. ఆ పిల్లకేమో ఫ్రిజ్జు పక్కన జాగా."

"అది గేర్, సుందరీ. ఆర్గనైజ్ చేసి పెట్టా."

"మూడేళ్ళు ఆర్గనైజ్ చేశారు. రిజల్ట్ ఏదీ?"

"ఫిషింగ్‌లో రిజల్ట్ చూడకూడదు. ప్రాసెస్ చూడాలి."

"ఈ మాట మీ మేనేజరుతో అని చూడండి."

ఆ రాత్రి భోజనాల దగ్గర ఒప్పందం కుదిరింది. బాస్ సీజన్ నవంబరుతో మూతపడి, జూన్ చివర్లో ఒక శనివారం తెరుచుకుంటుంది. తెరుచుకున్న రోజునే, మధ్యాహ్నంలోపు, సుందరి కళ్ళముందు ఒక్క బాస్ పడాలి. పడితే గది అతనిది, ఆవిడ ఇక నోరెత్తదు. పడకపోతే గదిలో అనన్య దిగుతుంది.

ఇక ఆ చలికాలమంతా అతను పడిన శ్రమ ఆఫీసులో పడి ఉంటే ఈపాటికి కంపెనీ అతనిదయ్యేది. రీళ్ళు విప్పి, నూనె వేసి, బిగించాడు. బిగించాక ఒక స్ప్రింగు మిగిలితే మళ్ళీ విప్పాడు. పాత దారమంతా లాగేసి కొత్తది చుట్టాడు. మొద్దుబారిన గాలాలు పారేశాడు. అవి ఎలా మొద్దుబారాయని సుందరి అడిగితే, తుంగలో తగులుకుని అన్నాడు. సుందరి పాలు కాచే గిన్నెలో ప్లాస్టిక్ కరిగించి, అచ్చుల్లో పోసి, సొంతంగా పురుగులు తయారుచేశాడు. పొగకు ఇంట్లో అలారం మోగింది. పురుగులు బాగానే వచ్చాయి. గిన్నె మాత్రం మళ్ళీ పాలకు పనికిరాలేదు.

ఇంటిముందు మంచులో బకెట్ పెట్టి, ఎర సరిగ్గా అందులో పడేలా విసరడం సాధన చేశాడు. బాస్ ఆకుల చాటున దాక్కుంటుంది కాబట్టి చప్పుడు కాకుండా ఎర దించాలట. బేస్‌మెంట్ కిటికీలోంచి నిఖిల చూసి అడిగింది.

"ఏం పడింది అంకుల్?"

"బకెట్ అమ్మా."

"కంగ్రాట్స్ అంకుల్."

అన్నిటికన్నా పెద్ద ప్రాజెక్టు పడవ. ఎవరో వాడి వదిలేసిన అల్యూమినియం పడవను ఆన్‌లైన్‌లో కొని, గరాజ్‌లో పెట్టి, నేలకు తివాచీ అతికించి, బ్యాటరీతో నడిచే చిన్న మోటారు బిగించాడు. ఇలాంటి పడవకు వెనక అడుగున బొటనవేలు పట్టేంత రంధ్రం ఉంటుంది. ఒడ్డున ఉన్నప్పుడు వాననీళ్ళు పోవడానికి అది తెరిచి ఉంచుతారు. చెరువులో దించేముందు బిరడా బిగిస్తారు. పాత బిరడా అరిగిపోయిందని అతను ప్రత్యేకంగా ఇత్తడిది తెప్పించాడు.

అంతా సిద్ధమయ్యాక ఒక చిక్కు వచ్చిపడింది. సీజన్ తెరిచేది శనివారం. రోజంతా కంప్యూటరుకు తర్కం నేర్పే మనిషికి, శనివారం నాడు కొత్తగా కొన్న లోహపు పడవను నీళ్ళలో దించడానికి మనసొప్పలేదు. గది పణంగా ఉంది మరి. ఎదురింట్లో కూతురి దగ్గరకు తల్లిదండ్రులకిచ్చే సూపర్ వీసా మీద వచ్చిన కాశీవిశ్వనాథం గారున్నారు. కాలక్షేపం లేక వీధిలో తెలుగువాళ్ళందరికీ ముహూర్తాలు పెడుతుంటారు. కోదండరామ్ వెళ్ళి ఆయన్ను అడిగాడు.

"శనివారమా నాయనా? ఇనుమూ నీళ్ళూనా? వద్దు," అన్నారాయన ఫోన్లో పంచాంగం చూస్తూ. "ఆదివారం వెళ్ళు."

"శనివారమే వెళ్ళాలి అంకుల్. అగ్రిమెంట్ అలా ఉంది."

"అయితే ప్రస్థానం పెట్టేద్దాం."

ప్రస్థానం అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ప్రయాణం రోజు మంచిది కాకపోతే, ముందే ఒక మంచి ఘడియలో మన సామానులో ఒక వస్తువును వేరే ఇంటికి చేరుస్తారు. దానితో ప్రయాణం మొదలైనట్టే లెక్క. అసలు బయల్దేరినప్పుడు ఆ వస్తువును తీసుకుని వెళ్ళిపోవచ్చు, ఆ రోజు దోషం అంటదు.

శుక్రవారం సాయంత్రం మంచి ఘడియ కుదిరింది. పడవ తరఫున ఏ వస్తువు పంపాలన్నది చర్చకు వచ్చింది. తెడ్డు పెడదామంటే, బురద తెడ్డు హాల్లో పెట్టనివ్వనని విశ్వనాథం గారి కూతురు అంది. రబ్బరు పురుగులు పూజగదిలోకి రాకూడదని ఆయనే అన్నారు.

"ఇత్తడిది ఏదైనా ఉందా? ఇత్తడి శ్రేష్ఠం."

ఉంది. కోదండరామ్ బిరడాను కడిగి, పసుపు రాసి తెచ్చి ఇచ్చాడు. ఆయన దాన్ని పసుపుగుడ్డలో చుట్టి దేవుడి ముందు పెట్టి, "వెళ్ళిరా, జయం," అన్నారు. అలా బిరడా పడవకన్నా ఒక రోజు ముందే ప్రయాణమైంది.

శనివారం తెల్లవారుతూనే పడవ ఉన్న ట్రైలర్ విశ్వనాథం గారి గుమ్మం ముందునుంచే వెళ్ళింది. కోదండరామ్ మనసంతా చెరువులో ఏ మూల ఏ రంగు పురుగు వేయాలన్న దానిమీదే ఉంది. బిరడా పూజగదిలో క్షేమంగా ఉంది.

గంటసేపు ప్రయాణం చేసి చెరువు చేరారు. సుందరి చుడీదారు మీద లైఫ్‌జాకెట్ తొడుక్కుని, ఒళ్ళో పులిహోర డబ్బా పెట్టుకుని పడవ ముందుభాగంలో కూర్చుంది. ఫోన్ తడుస్తుందని కార్లోనే వదిలేసింది. మోటారు చప్పుడు లేకుండా పడవను కలువాకుల దగ్గరకు తీసుకెళ్ళింది. కోదండరామ్ ఒక పురుగు నడుం మధ్య గాలం గుచ్చాడు.

"ఇలా గుచ్చితే రెండు చివరలూ ఊగుతూ దిగుతుంది. బాస్‌కి టెంప్టింగ్‌గా ఉంటుంది," అన్నాడు.

"చూస్తే నాకు జాలేస్తోంది. దానికెలా ఉంటుందో మరి."

విసిరాడు. మళ్ళీ విసిరాడు. చలికాలంలో బకెట్ ఎంత ఓపిగ్గా ఉండేదో చెరువూ అంతే ఓపిగ్గా ఉంది. కొంతసేపటికి సుందరి అడిగింది.

"ఏవండీ, పడవలో నీళ్ళుండటం కూడా ప్రాసెస్సేనా?"

"కొంచెం స్ప్లాష్ అవుతుంది. మామూలే."

"మామూలే అంటే సరే. నా చెప్పులు మీ వైపు ఈదుకుంటూ వస్తున్నాయి, చూసుకోండి."

అతను వెనక్కి తిరిగి చూశాడు. రంధ్రంలోంచి నీళ్ళు బుడబుడమంటూ పైకి వస్తున్నాయి.

"బిరడా?" అంది సుందరి.

"విశ్వనాథం గారింట్లో ఉంది."

"అక్కడేం చేస్తోంది?"

"ప్రస్థానం."

సుందరి పులిహోరంతా మూతలోకి ఒంపి, ఖాళీ డబ్బాతో నీళ్ళు తోడటం మొదలుపెట్టింది. "నాకూ ఏదైనా ఇంటికి ప్రస్థానం పెట్టాల్సింది, నేనూ హాయిగా అక్కడే ఉండేదాన్ని," అంది.

కోదండరామ్ చేతిలోని కర్రను అంచుకు ఆనించి, వెనక బల్లమీద కూలబడి, మడమ తెచ్చి రంధ్రం మీద గట్టిగా అదిమాడు. నీళ్ళు ఆగాయి. అప్పటికే బ్యాటరీ మునిగి మోటారు ఆగిపోయింది. అతని జేబులోంచి పడవ నీళ్ళలోకి జారిన ఫోన్ కూడా మోటారు దారే పట్టింది. చెరువు అక్కడ లోతు లేదు, ఒడ్డూ దగ్గరే. సుందరి డబ్బా పక్కన పెట్టి తెడ్డు అందుకుంది.

సరిగ్గా అప్పుడు అంచుకు ఆనించిన కర్ర వంగింది. మూడేళ్ళుగా అతను ఏ పద్ధతిలో వేసినా ముట్టని చేప, ఎవరూ పట్టించుకోకుండా నీళ్ళలో వేలాడుతున్న పురుగును మింగింది.

అతను కర్రను ఒడిసి పట్టుకున్నాడు. చేప పడవ కిందుగా ముందుకు పరుగెత్తింది. దారం వెనకున్న మోటారుకు చుట్టుకోకుండా ఉండాలంటే అతను లేచి ముందుభాగానికి వెళ్ళాలి. లేస్తే మడమ లేస్తుంది, మడమ లేస్తే చెరువు పడవలోకి వస్తుంది.

"సుందరీ, కాలు. ఇక్కడ నీ కాలు పెట్టు, త్వరగా."

"నా కాలెందుకు?"

"బాస్. పెద్ద బాస్."

"ఉందని తెలుస్తోంది. అది పడితే గది మీది కదా. మీ గది కోసం నా కాలెందుకు పెట్టాలి?"

"సుందరీ, ప్లీజ్."

ఆవిడ తెడ్డు ఒళ్ళో పెట్టుకుని తీరిగ్గా కూర్చుంది. "వినండి. నేను కాలు పెట్టకపోతే చేప పోతుంది. చేప పోతే గదీ పోతుంది. కాలు పెడితే చేప మీది, గది అనన్యది. ఆలోచించుకుని చెప్పండి. తొందరేం లేదు, తెంపుకునేదాకా టైముంది."

రీలు కిర్రుమని తిరుగుతోంది. కోదండరామ్ అమెరికాలోనూ ఇక్కడా ఎన్నో ఒప్పందాల బల్లల దగ్గర కూర్చున్నాడు. ఎదుటివాళ్ళ చేతిలో ఇంత శుభ్రంగా ఇరుక్కున్నది ఇదే మొదటిసారి.

"ఇచ్చేశాను. గది ఇచ్చేశాను. కాలు పెట్టు."

ఆవిడ లేచి, చుడీదారు కొంచెం పైకి పట్టుకుని, వెనక్కి వచ్చి కాలు పెట్టింది. అతను తడితివాచీ మీద జారుతూ ముందుకు వెళ్ళాడు. చేప ఒకసారి నీళ్ళలోంచి పైకి ఎగిరి తల విదిలించింది. దారం తెగలేదు. పడవ అంచు దగ్గరకు రాగానే, వీడియోల్లో చూసినట్టే దాని కింది దవడలో బొటనవేలు పెట్టి పైకెత్తాడు. ఆకుపచ్చ వీపు, పక్కన నల్లటి చార. నిజం చెప్పాలంటే అది జానెడుకు కాస్త ఎక్కువ. అతని కళ్ళల్లో మాత్రం నీళ్ళు తిరిగాయి.

"ఫోటో," అన్నాడు.

"మీ ఫోన్ మునిగింది. నాది కార్లో ఉంది."

అతను చేపను ఇంకాసేపు చూసి, నెమ్మదిగా నీళ్ళలోకి దించి, వదిలేశాడు. అది తోక ఆడించి వెళ్ళిపోయింది.

"మూడేళ్ళకు ఒకటి పడితే దాన్నీ పంపించేశారు. పులుసుకని అడిగానా, ఇంటికి తెచ్చి పది మందికి చూపించాక పంపాల్సింది."

"ఈ స్పోర్ట్‌లో అలాగే చేస్తారు. నువ్వు చూశావుగా, చాలు."

"నేను చూశాను," అంది సుందరి, కాలు తీయకుండా. "నేనొక్కదాన్నే చూశాను."

ఆ మాటలో ఏముందో కోదండరామ్‌కు తెడ్డేసి ఒడ్డు చేరి, ఇంటిదారిలో సగం దూరం వచ్చాక గానీ తట్టలేదు. ఇల్లు చేరేసరికి నిఖిల, ధరణి గుమ్మంలోనే ఉన్నారు. సంగతేమవుతుందోనని అనన్యను కూడా పిలిపించుకున్నారు.

"పడిందా అంకుల్?" అంది ధరణి.

"పడింది," అన్నాడు.

"నిజమేనా ఆంటీ? ఎంత ఉంది?"

సుందరి భర్త వైపు తిరిగింది. "ఎంతుందో చెప్పనా అండీ? ఇంతకీ గది ఎప్పటికి ఖాళీ అవుతుందో?"

"ఆగస్టుకి చేసేస్తా."

సుందరి రెండు చేతులూ జానెడు దూరంలో చూపించింది. పిల్లలు మర్యాదకు తలలూపారు.

"నెలాఖరుకి," అన్నాడు కోదండరామ్ తొందరగా.

చేతులు మూరెడు దూరం జరిగాయి.

"రేపు."

చేతులు ఇంకా జరిగాయి. నిఖిల కళ్ళు పెద్దవి చేసింది. సుందరి చేతులు అలాగే గాలిలో పట్టుకుని, ఇంకేమైనా చెబుతారేమోనని భర్త మొహంలోకి చూస్తూ నిలబడింది. అతను తడిబూట్లు కూడా విప్పకుండా బేస్‌మెంట్ మెట్లు దిగి, గది తలుపు తీసి, మొదటి పెట్టె బయటికి లాగాడు.

"చాలా పెద్దది," అంది సుందరి పిల్లలతో. "ఇద్దరం పట్టుకుంటే గానీ పడవలోకి రాలేదు."

— సూర్యకుమారి, డెబ్బై రెండేళ్ళు. ఇప్పుడు ఉంటున్నది ఒంటారియోలోని లండన్‌లో.