పుస్తకానికి జ్వరం

రైలు వ్యాగన్ వర్క్‌షాపు వాళ్లుండే డబ్ల్యూఆర్ఎస్ కాలనీలోని తెలుగు లూథరన్ మందిరం ఆదివారాలు ఊడ్చేది జెస్సీయే. బెంచీలు తుడిచి, బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, ఆఖరికి పాదిరిగారి చేతిపుస్తకం అట్ట మీద వేళ్లు ఆనించి చూసేది, పసిపిల్ల నుదురు చూసినట్టు. సంఘంలో ఎవరింట్లో కష్టం వచ్చినా ఆ పుస్తకానికి జ్వరం వస్తుంది.

గుంటూరు జిల్లా నుంచి రైలు ఉద్యోగాలకు వచ్చిన తాతలు ట్రంకు పెట్టెలో తెచ్చుకున్న పుస్తకం అది. రోగుల పరామర్శ, సమాధి ఆరాధన, బాలింత ప్రార్థన, అన్నిటికీ అందులో క్రమం ఉంది. వెచ్చబడితే సంచిలో వేసుకుని నడవాలి. దారి తప్పితే చల్లారుతుంది, ఇల్లు దగ్గరపడేకొద్దీ కాలుతుంది. ముప్పై ఏళ్లు ఇల్లిల్లూ తిరిగి ప్రార్థనలు చేసే బైబిల్ ఉమన్‌గా చేసిన శాంతమ్మ అలాగే నడిచింది. మోకాళ్లు అరిగాక ఆ పని జెస్సీకి నేర్పింది.

పాదిరిగారు భిలాయి నుంచి నెలకోసారి వస్తారు. మిగతా ఆదివారాలు సంఘపెద్ద రత్నం గారిదే మాట. వ్యాగన్ వర్క్‌షాపులో ఫోర్‌మన్‌గా రిటైరై పదేళ్లయినా, మాట ఇంకా డ్యూటీ దిగలేదు.

ఆ ఆదివారం ఆరాధన కాగానే కమిటీ కూర్చుంది. జెస్సీ పాదిరి చదువు కోసం వేదాంత కళాశాలకు పెట్టుకున్న దరఖాస్తులో సంఘపెద్ద సిఫారసు రాసి సంతకం పెట్టాలి. మర్నాడే ఆఖరి తేదీ.

"సండే స్కూలు చెప్పుకుంటున్నావుగా, చాల్లేమ్మా," అన్నారు రత్నం గారు. "పాదిరి పని ఆడపిల్లకెందుకు? సమాధి దగ్గర నిలబడగలవా?"

"నిలబడ్డాను కదండీ పెద్దయ్యా. పోయిన వానాకాలం అచ్చయ్య తాత సమాధి దగ్గర చదివిందెవరు? మీరే కదా గొడుగు పట్టింది."

వెనక బెంచీలో శాంతమ్మ కిసుక్కున నవ్వింది.

"నోరు చూడు! ఇదేమన్నా కాలేజీ డిబేటనుకున్నావా?"

"డిబేటైతే మీరు ఎప్పుడో ఓడిపోయారండీ."

రత్నం గారి మొహం జేవురించింది. దరఖాస్తు మడిచి జేబులో పెట్టుకున్నారు. పుస్తకాన్ని ఇనప బీరువాలో పడేసి తాళం వేశారు. చాబీ కూడా జేబులోకే వెళ్లింది. "ఇకనుంచి ఇది పెద్దల చేతుల్లోనే ఉంటుంది."

పావుగంటలో బీరువా రంగు పొక్కులు లేచింది.

"తియ్యవయ్యా రత్నం," అంది శాంతమ్మ. "జ్వరం బాగా ఎక్కువుంది."

ఆయన తాళం తీసి పుస్తకం పట్టుకున్నారు. "అబ్బా!" అని వదిలేశారు. జెస్సీ వంగి ఒట్టి చేతులతో దాన్ని ఎత్తుకుంది. సంచిలో వేసుకుని, ఎవరినీ అడక్కుండా బయటికి నడిచింది. "ఏయ్, ఆగు!" అంటూ వెనకాల రత్నం గారు, ఆయన వెనక కమిటీ.

పట్టాలు దాటి గుఢియారీ బజారుకొచ్చారు. గోదాముల వైపు తిరిగితే సంచి చల్లారింది. వెనక్కొచ్చి ఇస్త్రీ బండి పక్క సందులోకి తిరిగితే జెస్సీ భుజం చురుక్కుమంది. సందు చివర నీలం తలుపు చూసి రత్నం గారి అడుగు ఆగిపోయింది.

అది ఆయన కూతురు అన్నమ్మ ఇల్లు. నాలుగేళ్ల కిందట ఇక్కడి హిందువుల అబ్బాయి యోగేష్‌ని చేసుకుందని, సభ్యుల లిస్టులో ఆమె పేరు కొట్టేసింది ఆయన చెయ్యే.

"ఈ ఇల్లు మన లిస్టులో లేదు."

"ఆ మాట దీనికి చెప్పండి," అంటూ జెస్సీ సంచి ఆయన ముందుకు చాచింది. ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నారు.

యోగేష్ తలుపు తీశాడు. కళ్లు వాచి ఉన్నాయి. లోపల మంచం మీద అన్నమ్మ, పక్కన ఎవరూ పడుకోని చిన్న పరుపు. బిడ్డ కడుపులోనే పోయింది. బాప్తిస్మం లేని బిడ్డకు ప్రార్థన చెయ్యరని పెద్దలు ఎన్నిసార్లు అనగా విన్నదో, ఆమె ఎవరికీ కబురు పెట్టలేదు.

జెస్సీ మంచం పక్కన నేల మీద కూర్చుంది. పుస్తకం దానంతటదే తెరుచుకుంది.

"పాపకు పేరనుకున్నారా అక్కా?"

"వీణ."

ఆ పేరు పెట్టే ప్రార్థన చదివింది, వీధిలోకి వినపడేంత గట్టిగా.

అయ్యేసరికి గుమ్మం బయట రత్నం గారు దరఖాస్తు తీసి పట్టుకున్నారు. "సంతకం పెడతానమ్మా," అన్నారు.

"ముందు లోపలికి రండి పెద్దయ్యా."

"సంతకం..."

"పెట్టకపోయినా సరే. ముందు లోపలికి రండి."

ఆయన చెప్పులు విడిచారు. "ఆయియే పాపాజీ," అంటూ యోగేష్ లోపలికి దారిచ్చాడు. అన్నమ్మ గోడ వైపు తిప్పిన మొహం ఇటు తిప్పలేదు. కాళ్లు మాత్రం కొంచెం ముడుచుకుని మంచం మీద చోటిచ్చింది.

జెస్సీ ఒళ్లో పుస్తకం మెల్లగా చల్లారింది.

మర్నాడు దరఖాస్తు పంపేముందు ఆమె సిఫారసు పేజీ చూసుకుంది. 'అభ్యర్థి అర్హత' అన్నచోట, పనిముట్ల మీద నంబర్లు వేసినట్టు అచ్చక్షరాల్లో ఒకే వాక్యం ఉంది:

"ఈమె చేతులు కాలవు."