ఆ రెండు పేరాలు

"దోసెల్లోకి అల్లం పచ్చడి చెయ్యి. అట్లాగే ఆ ఎస్సే కూడా అవగొట్టెయ్యి," అన్నాడు శశికాంత్, రెండూ మిక్సీలో వేసి తిప్పేవే అయినట్టు. పరాయి దేశంలో, శాండీఫోర్డ్ అనే చోట సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అతనిది. ప్రభుత్వ ప్రాజెక్టులు చూసే మేనేజరు కావాలంటే ప్రభుత్వ విధానాల మీద ఏదో డిప్లొమా ఉండాలట. చేరింది అతను, చదివింది భార్య దమయంతి. గుంటూరులో ఆరేళ్ళు డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్పిన మనిషి ఆమె. "ఇంట్లో ఖాళీయే కదమ్మా, వాడికి కాస్త సాయం చెయ్యి," అని అత్తగారు ఫోన్‌లో చెప్పింది. ఆ ఖాళీ అనే మాట వింటే దమయంతికి ఒళ్ళు మండుతుంది.

ఎస్సే, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్ ప్రభుత్వం ప్రజల బాగోగులు నెత్తిన వేసుకున్న కథ. జబ్బు చేస్తే ఉచిత వైద్యం, పని పోతే భృతి, ముసలితనంలో పింఛను. చదువుతుంటే ఆమెకు కళ్ళు చెమర్చాయి. తర్వాత చిర్రెత్తుకొచ్చింది. ఆ పథకం వేసిన పెద్దమనుషులు ఇల్లాలి చాకిరీ లేనిదే దేశం నడవదని పొగిడారు, దానికి జీతం లేదనీ ఒప్పుకున్నారు, చివరికి ఆమె పింఛను మాత్రం మొగుడు కట్టే చందాకు ముడిపెట్టారు. దమయంతి ఈ దేశంలో అడుగుపెట్టిన వీసా కూడా అట్లాంటిదే, మొగుడి ఉద్యోగానికి ముడిపెట్టింది. దాని మీద రెండు పేరాలు రాసింది.

"ఈ ఆడవాళ్ళ గోల ఎందుకు ఇందులో? తీసెయ్," అన్నాడు శశికాంత్. ఆమె తీయలేదు. అతను మళ్ళీ చూడలేదు, ఎప్పుడు చూశాడు గనక.

రాసింది తామేనని విద్యార్థులు నోటితో చెప్పి నిరూపించుకోవాలని కాలేజీ వాళ్ళు కబురు పెట్టారు. శనివారం ఉదయం ఎస్సే దిద్దిన మేడమ్ ల్యాప్‌టాప్‌లో ప్రత్యక్షమైంది. "నువ్వు కెమెరాకి కనపడకుండా పక్కన కూర్చో. జవాబులు పెద్దక్షరాలతో రాసి నా వైపు జరుపు," అని అతని ఏర్పాటు. పరీక్ష హాల్లో చీటీలు పట్టుకుని ఎంతమందినో బయటికి పంపిన దమయంతి, పెన్ను పట్టుకుని మొగుడికి చీటీలు రాయడానికి కూర్చుంది. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి.

మూడు చీటీలు సాఫీగా నడిచాయి. మేడమ్ మూడుసార్లూ, బాగుందన్నట్టు, గ్రాండ్ అంది. నాలుగోసారి ఇంగ్లీషులో అడిగింది: "ఇంటిపని గురించి రాసిన రెండు పేరాలే నాకు బాగా నచ్చాయి. ఆ ఆలోచన మీకు ఎలా వచ్చింది?"

శశికాంత్ మైకు ఆపేశాడు. "తీసెయ్యమన్నానా లేదా? తొందరగా రాయి. ఇది పోతే ప్రమోషన్ పోయినట్టే."

పోతుందని ఆమెకు తెలుసు. పోతే ఈ ఇంట్లో ఎన్నేళ్ళు ఆ మాట వినాలో కూడా తెలుసు. అయినా మొదటిసారి ఎవరో ఆమెను ప్రశ్న అడిగారు, దానికి జవాబు అతని నోట్లో పెట్టడానికి ఆమెకు మనసొప్పలేదు.

తెలుగులోనే రాసింది: "రాసింది నేను. చెప్పేది కూడా నేనే."

అతను చదివి నోరు తెరిచేలోపు దమయంతి మైకు వేసి, కుర్చీని కెమెరా ముందుకు జరుపుకుంది.

"గుడ్ మార్నింగ్ మేడమ్. నా పేరు దమయంతి."