కుడితి తొట్టి

మా మామగారు వేంపల్లెలో బియ్యం మిల్లు పెట్టిన ఏడాదే, అంటే 1955లో, నాకు కొడుకు పుట్టాడు. ఇక మా అత్త నాగరత్నమ్మను పట్టేవాళ్లు లేరు. ఊరంతా జొన్నసంగటి తింటుంటే, బాలింత కోడలికి మా మిల్లు తెల్లన్నం! బియ్యం నాలుగు నీళ్లు కడిగించేది, గంజి వార్పించేది, నెయ్యీ ఉప్పూ కలిపి తనే ముద్దలు పెట్టేది. పప్పు వాతమట, కూర పైత్యమట. పథ్యం మూడు నెలలు. అంతవరకూ గది గడప దాటకూడదు.

రెండో నెలకే కాళ్లు వాచాయి. పడుకుంటే ఊపిరాడదు, లేస్తే గుండె దడ. కిటికీలోంచి దొడ్లో బర్రె కనిపించేది. నాకు పనికిరాని కడుగునీళ్లు, గంజి, మిల్లు తవుడు కలిపిన కుడితి తాగి అది నిగనిగలాడుతుంటే నాకు ఒళ్లు మండేది.

"అత్తా, ఒక్క జొన్నరొట్టె పెట్టు."

"మిల్లు పెట్టుకోని కోడలికి జొన్నలు పెడ్తాండారని ఊరు నవ్వదా? ఊరుకోమ్మా."

చివరికి కడప నుంచి డాక్టరును పిలిపించారు. ఆయన నా తిండి గురించి అడిగి, సూది వేశాడు. సాయంత్రానికి ఊపిరి ఆడింది.

వెళ్లేముందు అత్తకు చెప్పాడు. "గుండె ఒక్క క్షణం కూడా ఆగని కండ. తిన్నదాన్ని తనలోనే మండించుకుని బలం తెచ్చుకుంటుంది. ఆ మంట రాజేసే విటమిను బియ్యం పైపొరలో ఉంటే, మీరు దాన్ని తవుడు చేసి బర్రెకు పోస్తున్నారు. ఈమెకు పొయ్యినిండా కట్టెలున్నాయి, నిప్పు లేదంతే. రోజూ తవుడు పెట్టండి. లేకపోతే గుండె మళ్లీ చతికిలబడుతుంది."

అత్త బుద్ధిగా తలూపింది. ఆయన బండి మలుపు తిరిగాక, "తవుడు తినేకి నా కోడలేమన్నా గొడ్డా?" అంది. మళ్లీ అదే తెల్లన్నం, ఇంకో గరిటె నెయ్యి. ప్రేమతోనే చంపుతోంది, తిట్టడానికైనా వీల్లేదు.

రెండు వారాలకు మళ్లీ ఊపిరి అందలేదు. చచ్చిపోతానని తెలిసిపోయింది. మిట్టమధ్యాహ్నం గోడ పట్టుకుని దొడ్లోకి నడిచాను. బర్రె మూతిని పక్కకు నెట్టి, దోసిళ్లతో కుడితి తాగాను. పక్కింటివాళ్లు గోడమీంచి చూస్తున్నారు.

అత్త పరుగెత్తుకొచ్చింది. "అయ్యో, ఏం పని చేస్తాండావే! అందరూ చూస్తాండారు!"

"చూడనీ అత్తా. నేను సచ్చినంక ఎట్లాగూ చూసేకొస్తారు గదా."

అత్త అక్కడే కూలబడి ఏడ్చింది.

మరుసటి రోజు నుంచి వేయించిన తవుడు, బెల్లం కలిపిన ఉండలు వెండి పళ్లెంలో వచ్చాయి. నేను తినేదాకా అత్త పక్కనే కూర్చునేది. తర్వాత బయట గడియ పెట్టి వెళ్లేది.

నెల తిరిగేసరికి గుండె దారికొచ్చింది. పథ్యం గడువూ తీరింది. గడియ పెట్టడం మాత్రం అత్త మరో నాలుగు నెలలు మానలేదు, నేను మళ్లీ తొట్టి దగ్గరికి పోతానని భయం.