అరిచి చెప్పిన పాపం

మా గావ్రిల్ ఫాదరుకి బ్రహ్మచెముడు. ఆయన ముందు మోకరించి పాపాలు ఒప్పుకోవాలంటే చెవిలో నోరు పెట్టి కేకెయ్యాల్సిందే. అందుకని మా ఊళ్ళో ఓ పద్ధతి ఏర్పడింది. ఒకరు పాపం చెప్పుకుంటున్నంతసేపూ గుళ్ళో మిగతావాళ్ళంతా గొంతెత్తి కీర్తన పాడాలి. పాపం పెద్దదయ్యేకొద్దీ పాట పెద్దదవుతుంది. పక్కింటి గడ్డి ఎత్తుకుపోయే గ్రిగోరె మోకరించిన రోజున గుడి కిటికీలు అదిరేవి.

నా మొగుడు ఇలారి వంతు వస్తే మాత్రం ఒక చరణం కూడా పూర్తయ్యేది కాదు. చెప్పడానికేమైనా ఉంటేగా ఆ మనిషికి!

పడుచుతనమంతా రాళ్ళ క్వారీలో దుమ్ము పీల్చాడు. గుడికి వెళ్ళేవాళ్ళ మీద దేవుడు లేడనే సర్కారువాళ్ళు కన్నేసి ఉంచే రోజులవి. గుడి మానేస్తే మేస్త్రీని చేస్తాం, నీడపట్టున కూర్చోవచ్చు అన్నారు. మానలేదు. దుమ్ములోనే ఉండిపోయాడు. మా ఒక్కగానొక్క పిల్ల జ్వరంతో పోయిన ఏడు నాకు పిచ్చెక్కకుండా ఆపింది ఆయన ప్రార్థనే, ఆ మాట కాదనను. కానీ ఆయన ఊపిరితిత్తుల్ని తినేసిందీ ఆ పట్టుదలే. దేవుడు ఒక చేత్తో పెట్టి రెండో చేత్తో లాక్కున్నాడంటే మా అత్తమ్మ పరస్కీవ చెవులు మూసుకునేది.

చలి తగ్గుతుండగా పట్నం డాక్టరు చూసి, ఊపిరితిత్తిలో గడ్డ ఉందన్నాడు. ఈస్టర్ వెళ్ళాక ఆపరేషన్ చేస్తానన్నాడు. "ఈలోగా మాంసం, గుడ్లు, పాలు బాగా పెట్టమ్మా. ఇలా పుల్లలా తీసుకొస్తే నేను కత్తి పెట్టను" అని ముందే చెప్పేశాడు.

ఏం లాభం? పెద్ద ఉపవాసం మొదలైపోయింది. ఈస్టర్ దాకా మాంసం, గుడ్డు, పాలు మా గడప తొక్కవు. మొక్కజొన్న సంకటి, ఉడికించిన చిక్కుడు గింజలు, ఊరేసిన క్యాబేజీ, అంతే. గావ్రిల్ ఫాదరు స్వయంగా వచ్చి, "రోగులకి ఉపవాసం లేదురా, తిను!" అని వీధి చివరిదాకా వినపడేలా అరిచి వెళ్ళాడు. ఇలారి గోడమీది క్రీస్తు పటం వైపు తిరిగి పడుకున్నాడు.

"చిన్నప్పట్నుంచీ తప్పలేదే సవేతా. ఇప్పుడు ప్రాణం పెట్టమని ఆయన్నే అడుక్కుంటూ, ఆయన కళ్ళముందే మాట తప్పమంటావా?"

"నువ్వు చచ్చి సాధించేదేంటయ్యా?"

"తిట్టు. తిడితే కాస్త వెచ్చగా ఉంటుంది" అన్నాడు నవ్వి.

నాకు ఒళ్ళు మండింది. ఒక శుక్రవారం నాడు కోడిని కోశాను. పులుసు కాచి గిన్నె తెచ్చి ఆయన మంచం పక్కన కూర్చున్నాను. ఆయన పెదాలు బిగించాడు. అప్పుడు తొడముక్క తీసి నేనే కొరికాను.

"ఏయ్, ఏం చేస్తున్నావే!" అంటూ లేచి కూర్చున్నాడు.

"చూస్తున్నావుగా, తింటున్నా. ఉపవాసంలో, అందులోనూ శుక్రవారం. నా బతుకు నరకానికే ఇక. నువ్వు హాయిగా స్వర్గానికి పో. అక్కడ నీ దుప్పటికి మాసికలు ఎవరు వేస్తారో చూద్దాం."

ఆయన గిన్నెలోకీ నా మొహంలోకీ చూశాడు. కళ్ళనీళ్ళు బుగ్గల మీదకి జారాయి. తర్వాత నవ్వాడు, దగ్గాడు, చెయ్యి చాపాడు. "ఇలా తే. నిన్నొక్కదాన్నీ పంపితే నరకంలో దెయ్యాలకి మనశ్శాంతి ఉండదు" అన్నాడు.

ఆనాటి నుంచి ఇద్దరం కలిసి తిన్నాం. నేను ఆపితే ఆయనా ఆపేవాడు, అందుకని ముద్దకి ముద్ద తిన్నాను. పెరట్లో కోళ్ళు తగ్గిపోవడం అత్తమ్మ చూడకపోలేదు. "ఈ ఏడు మన పెరట్లో నక్క ఇంట్లోంచే వస్తున్నట్టుందే" అంది ఒకసారి. అంతే, మళ్ళీ ఎత్తలేదు. తన సంకటి మాత్రం సగానికి తగ్గించేసింది. ఎందుకత్తమ్మా అంటే, "మీ ఇద్దరి ఉపవాసం కూడా నేనే ఉండాలిగా" అంది.

ఇలారి బుగ్గల్లోకి రంగొచ్చింది. ఈస్టర్‌కి వారం ముందొచ్చే మట్టలాదివారం నాడు తన కాళ్ళమీద గేటుదాకా నడిచాడు. నేను ఆశపడ్డాను. ఆశపడటం కంటే పెద్ద తెలివితక్కువ పని లేదు.

ఆ వెంటనే శ్రమల వారంలో బుధవారం నాడు ఫాదరు ఆయన పాపాలు వినడానికి ఇంటికొచ్చాడు. అత్తమ్మా నేనూ వంటింట్లోకెళ్ళి తలుపేసుకుని కీర్తన ఎత్తుకున్నాం. గది లోపలి నుంచి ఇలారి గొంతు లేచింది. నడిస్తేనే ఆయాసపడే మనిషి, ఉన్న బలమంతా కూడదీసి అరుస్తున్నాడు.

"ఉపవాసంలో మాంసం తిన్నాను ఫాదరుగారూ!"

దగ్గు. మళ్ళీ అరుపు.

"మా ఆవిడా తింది! తిననంది! నేనే కొట్టి తినిపించాను! ఆ పాపం నాది! ఆమె మీద రాయకండి!"

అత్తమ్మ పాట ఆగిపోయింది. నా పాట అంతకు ముందే ఆగిపోయింది. ఆయన జన్మలో నా మీద చెయ్యెత్తలేదు. అబద్ధమూ ఆడలేదు. వినపడలేదంటూ ఫాదరు మళ్ళీ అడిగితే, మళ్ళీ మొదట్నుంచీ అరిచాడు.

ఆ సాయంత్రమే నోట్లోంచి నెత్తురు పడింది. గురువారం మధ్యాహ్నం పోయాడు.

శనివారం మట్టి చేశాం. సమాధి దగ్గర ఆడవాళ్ళు నొచ్చుకున్నారు. "ఇంకొక్క మూడ్రోజులు ఆగుంటే ఎంత బాగుండేది! ఈస్టర్ వారంలో స్వర్గం తలుపులు బార్లా తెరిచి ఉంటాయి, ఎవరినీ ఏమీ అడగరు" అన్నారు. ఆ మూడ్రోజుల ఊపిరీ నాకోసమే ఖర్చుపెట్టాడని వాళ్ళకేం తెలుసు?

పండగ ముందు గుళ్ళో పాపాలు ఒప్పుకునే చివరి వరస ఆ సాయంత్రమే. ఒప్పుకోనివాళ్ళకి ఈస్టర్ నాడు ప్రభు భోజనం లేదు. నేను వెళ్ళనన్నాను. నిజం చెబితే చచ్చిన మనిషి అబద్ధాలకోరు అవుతాడు. చెప్పకపోతే నేనవుతాను. అత్తమ్మ నా మోచెయ్యి పట్టి లాక్కెళ్ళింది.

"వాడు చెప్పినట్టే చెప్పు" అంది గుడి మెట్ల మీద. "ఊపిరి పోగొట్టుకుని నీకు క్షమాపణ తెచ్చిపెట్టాడే. నేల మీద పారబోస్తావా?"

మోకరించాను. వెనక కీర్తన మొదలైంది. ఫాదరు చెవి వంచాడు.

"ఉపవాసంలో మాంసం తిన్నాను!" అని అరిచాను. "మా ఆయన కొట్టి తినిపించాడు!"

పాట టక్కున ఆగింది. ఊరంతా విన్నది. ఇలారిలాంటి మనిషి పెళ్ళాన్ని కొట్టాడట! నిశ్శబ్దంలో అత్తమ్మ గొంతొక్కటే, వణుకుతూ, తన కొడుకు పరువు పోతుంటే వింటూ కూడా పాట వదలకుండా పాడుతోంది. కాసేపటికి మిగతావాళ్ళూ అందుకున్నారు.

పాపం క్షమించినందుకు గుర్తుగా ఫాదరు తన మెడలోని పొడవాటి గుడ్డపట్టీ నా తలమీద కప్పాడు. "మరి మీ ఆయన్ని క్షమించావా తల్లీ?" అని అడిగాడు.

"క్షమించాను!" అని అరిచాను. అదీ అబద్ధమే. ఇంత పని చేసి నన్నొదిలి వెళ్ళినందుకు నేనాయన్ని ఈరోజుకీ క్షమించలేదు.

మర్నాడు ఈస్టర్ పూట వరసలో నిలబడి ప్రభు భోజనం, ఆ రొట్టే ద్రాక్షరసమూ, తీసుకున్నాను. నేను ముందుకెళ్తుంటే ఆడవాళ్ళు జాలిగా దారిచ్చారు. ఇంటికొచ్చాక, పెరట్లో మిగిలిన ఆఖరి కోడిని అత్తమ్మే వండింది. ఇన్నాళ్ళ ఉపవాసం తర్వాత తను ముట్టకుండా, తొడముక్క ఏరి నా పళ్ళెంలో వేసింది.

"తినవే" అంది. "ఇవాళ తింటే పాపం కాదు."