మూడు నెలల కోసం వచ్చిన మనిషి

బట్టల్లోని ఇసుక ఎంత జాడించినా పోవడం లేదు. పెరట్లో కుళాయి కింద మా అత్తగారి చీరను మూడోసారి నీళ్ళలో ముంచాను. బకెట్టు అడుగున మళ్ళీ సన్నటి ఇసుక పేరుకుంది. భీమిలిలో రెండు రోజులు గడిపి ఆ ఉదయమే రాయపూర్ గుఢియారీలోని ఇంటికి చేరాం. ముందుగదిలో మా ఆయన యోగేష్ ఫోనును టీవీకి కలిపి, సముద్రం ఫొటోలు వాళ్ళమ్మానాన్నలకు చూపిస్తున్నాడు. వంటింట్లో దాలమ్మ పెద్దమ్మ అన్నం వారుస్తోంది.

ఆమె మా మామగారు కొండలరావుకు అక్క. భీమిలి పక్కన పల్లెలో పుట్టి అక్కడే మెట్టింది. భర్త గుజరాత్ పడవల మీద వేటకు పోయి అక్కడే ఇంకొకామెతో ఉండిపోయాడు. ఇరవై ఏడేళ్ళ కిందట యోగేష్ పుట్టినప్పుడు, పురుడు వెళ్ళేదాకా మూడు నెలలు ఉండమని మామగారు ఆమెను రాయపూర్ తీసుకొచ్చారు. ఐదేళ్ళ కొడుకు సూరిబాబును వాళ్ళ నాయనమ్మకు అప్పగించి వచ్చింది. పురుడు వెళ్ళింది. తర్వాత యోగేష్‌కు అమ్మవారు పోసింది. తర్వాత మా అత్తగారికి నడుము పట్టేసింది. తర్వాత బడి, క్యారియర్లు. మూడు నెలలు అయిపోయాయని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

పాలకొండ పక్కన మా ఊళ్ళో మగవాళ్ళు పనికోసం దేశాలు పోతే వలస పోయారంటారు. తిరిగొస్తే చుట్టూ చేరి అక్కడి సంగతులు అడుగుతారు. మామగారు ఫ్యాక్టరీ ఉద్యోగానికి ఇక్కడికి వచ్చిన కథ ఈ ఇంట్లో నెలకోసారైనా వింటాను. రైల్లో నిలబడి రావడం, ప్లాట్‌ఫాం మీద పడుకోవడం, భాష రాక తిట్లు తినడం. దాలమ్మ పెద్దమ్మ వచ్చిన కథ ఎవరూ చెప్పరు. గ్యాస్ సిలిండరు వచ్చినట్టు వచ్చిందామె.

నాకు ఐదో నెల కాబట్టి తోడుంటుందని ఆమెనూ భీమిలి తీసుకెళ్ళారు. ఇన్నేళ్ళలో అదే మొదటిసారి. దసరా రద్దీ తగ్గింది, ఎండ మెత్తబడింది. గెస్ట్‌హౌసు ముందు ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని మిరపకాయ బజ్జీలు తింటూ అలలు చూశాం. మధ్యాహ్నం అందరూ హాయిగా నిద్రపోయారు. పెద్దమ్మ మాత్రం రెండుసార్లు అడిగింది, ఊళ్ళోకి ఒక్కసారి వెళ్ళొద్దామా అని.

"వెళితే చుట్టాలంతా మీద పడతారప్పా. రెస్ట్ తీసుకుందామని కదా వచ్చాం," అన్నారు మామగారు అక్కతో.

ఆదివారం పొద్దున సూరిబాబే వచ్చాడు. ఎవరో చెప్పారట. అతనిప్పుడు టూరిస్టులను పడవలో తిప్పుతున్నాడు. మామగారి కాళ్ళకు దణ్ణం పెట్టి, తల్లి వైపు తిరిగాడు.

"ఏటి మేడమ్, పడవెక్కుతారా? కొత్తోళ్ళకి బయింగానే ఉంటాది. నానున్నాను గదా."

మేనత్తను హిందీలో బువా అని పిలిచే యోగేష్ కడుపు పట్టుకుని నవ్వాడు. "మన బువా మేడమ్ బన్ గయీ!"

పెద్దమ్మ వెళ్ళి పడవెక్కింది. లైఫ్ జాకెట్ తాళ్ళు సూరిబాబే బిగించాడు, ముఖం చూడకుండా. అరగంట తర్వాత చెయ్యందించి దింపి, మా అందరి ముందే అన్నాడు.

"నా పెళ్ళిల మీ సోట్ల మా పిన్ని కూకుంది. మీరు రానన్నారంట గదా. ఫోన్ల సెప్పినారు."

"నాకెవులూ సెప్పనేదురా."

"పదకొండేళ్ళయిపోనాది మేడమ్. ఇప్పుడేటి లెండి."

పిల్లలతో ఎవరో కుటుంబం వస్తే వాళ్ళను ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. తిరుగు రైల్లో పెద్దమ్మ అందరికీ పులిహోర పెట్టింది. తను తినలేదు.

ఇప్పుడు టీవీలో నారింజరంగు జాకెట్ వేసుకున్న ఆమె ఫొటో వచ్చినట్టుంది. "అదిగో, మేడమ్ గారు," అన్నారు మా అత్తగారు భ్రమరాంబ. ముగ్గురూ నవ్వారు. పెద్దమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. నేను చీర పిండుతూ కిటికీలోంచి చూస్తున్నాను.

"ఆ ఫోను ఎవులెత్తినారు?" అని అడిగింది.

"నేనే బువా," అన్నాడు యోగేష్. "నా బోర్డ్ ఎగ్జామ్స్ చల్ రహే థే నా. నువ్వు రావని చెప్పేయమంది మమ్మీ."

"మరేం చెయ్యమంటావు వదినా?" అన్నారు అత్తగారు. "మార్చి నెలలో నువ్వు పెళ్ళంటూ పోతే పిల్లాడికి పొద్దున్నే ఎవరు వండుతారు? నువ్వుండబట్టి ఆ సెకండ్ డివిజన్ అయినా వచ్చింది."

"అయిపోయిన సంగతి ఎందుకప్పా," అన్నారు మామగారు, టీవీ నుంచి కళ్ళు తిప్పకుండా. "రజనికి పురుడొస్తోంది. ఇంకో మూడు నెలలు పోతే నీకు కూర్చునే తీరిక కూడా ఉండదు."

పెద్దమ్మ పెరట్లోకి వచ్చింది. బకెట్టు పక్కన కూర్చుని, నేను పిండిన చీరకు రెండో కొస పట్టుకుంది. ఇద్దరం కలిసి తీగ మీద ఆరేశాం.

"రజనీ, ఫోన్ల సూడమ్మా. విశాఖ బండికి టిక్కెట్టు దొరుకుద్దేమో."

మా అత్తగారు గ్లాసు కూడా కడగరు. మా అమ్మకు చూపు ఆనదు. పసిబిడ్డకు నీళ్ళు పోయడం నాకు రాదు. ఈ ఐదు నెలలూ నేను ఆమె చేతుల మీదే ధైర్యంగా ఉన్నాను. ఫోను తీసి, బొటనవేలు రెండుసార్లు పైకీ కిందికీ ఆడించాను.

"దీపావళి దాకా ఒక్కటీ ఖాళీ లేదు పెద్దమ్మా."

ఆమె నా చేతిలోకి చూసింది. చదువు రాదు గానీ, ఫోను వెలగలేదని తెలియడానికి చదువు అక్కర్లేదు. నేను దాన్ని బోర్లించి నడుముకు దోపుకున్నాను. అప్పుడామె నా ముఖంలోకి చూసింది. సూరిబాబును కూడా అంతసేపు చూడలేదు.

లోపలికి వెళ్ళి స్టవ్ ఆపింది. అన్నం గిన్నె మీద మూత సరిచేసింది. "వదినా, టీ," అని అత్తగారు పిలిచారు. పెద్దమ్మ ముందుగదిలో వాళ్ళ ముందునుంచే నడిచింది. టీవీకి అడ్డం వచ్చిందని యోగేష్ మెడ పక్కకు వంచాడు. మెట్ల మీద చెప్పులు వేసుకుంది. చేతిలో సంచీ కూడా లేదు. నేను తడిచేతులతో ఇంటి పక్క సందులోంచి ముందుకొచ్చి నిలబడ్డాను. ఆమె నా వైపు తిరగకుండా గేటు తీసి, స్టేషను వైపు వెళ్ళే దారిలోకి మళ్ళింది.