పీపా నిండుగానే ఉంది

మార్చి రెండో వారంలో ఒత్తావియోను ఆల్బా పట్నం ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చారు. తుంటి విరిగి మూడు నెలలు అక్కడే ఉన్నాడు. భార్య దెల్ఫీనా అన్నాళ్లూ ఆల్బాలో చెల్లెలింట్లో ఉండి, పగలంతా మంచం పక్కనే గడిపింది. ఇల్లు చేరగానే మొగుణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, కోటు కూడా విప్పకుండా నేలమాళిగ మెట్లు దిగింది.

ఆమె గుండెలో రాయి పడ్డది పీపా గురించే. ఐదేళ్ల కిందటి నెబ్బియోలో అనే రకం ద్రాక్ష పంట మొత్తం వైన్‌గా ఆ ఒక్క పీపాలో ఉంది. చెక్క ఊరికే ఉండదు, లోపలి వైన్‌ను కొద్దికొద్దిగా తాగేస్తుంది. రెండు వారాలకొకసారి పైనుంచి పోసి నింపకపోతే గాలి చేరి అంతా వెనిగర్ అవుతుంది. అంబులెన్స్ ఎక్కిన హడావిడిలో ఆ పని ఎవరికీ అప్పగించలేదు. పీపా సంగతి ఒత్తావియో అడిగినప్పుడల్లా మా తమ్ముడు చూస్తున్నాడులే అని అబద్ధం చెప్పింది. లేకపోతే ఆ మనిషి విరిగిన తుంటితోనే లేచి నడిచేవాడు.

నిచ్చెన ఎక్కి, మూత తీసి వేలు పెట్టింది. వేలు తడిసింది. మూత చుట్టూ కొత్త గుడ్డ చుట్టి ఉంది. కింద గోడకు ఆనించిన ఖాళీ జాడీ మీద ఎదురింటి రెమిజియో పేరు రాసి ఉంది. మాళిగ తాళంచెవి ఏ మేకుకు వేలాడుతుందో ఆ వీధిలో తెలియనిదెవరికి? దెల్ఫీనా నిచ్చెన మీదే కూర్చుని ఏడ్చింది. దేవుడికి కాదు, ముందు రెమిజియోకే దణ్ణం పెట్టుకుంది.

ఆ వెంటనే మరో భయం పట్టుకుంది. తన పీపాలో రెమిజియో తోట ఉన్న పక్క కొండ వైన్ చుక్క పడలేదని ఒత్తావియో ముప్ఫై ఏళ్లుగా ఊరంతా చాటుకున్నాడు. పదకొండేళ్ల కిందట బార్‌లో రెమిజియో, నీ కొండ వైన్‌కు వాసనే గాని ఎముక లేదు, నిలబడదని నవ్వాడు. అప్పటినుంచి మాటల్లేవు. ఇద్దరూ పెద్దమనుషులే, బుద్ధి మాత్రం బడిపిల్లలది.

ఒక గ్లాసు పట్టి పైకి తెచ్చింది. ఒత్తావియో దాన్ని కిటికీ వెలుగులో చూశాడు. అంచున పాత ఇంటికప్పు పెంకు రంగు తిరిగింది. ఎండిన గులాబీ, వానకు తడిసిన ఆకులు, వెనకాల కొంచెం తారు వాసన. గుక్కెడు తాగి, గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టాడు.

“ఇందులో రెమిజియో ఉన్నాడు,” అన్నాడు.

దెల్ఫీనా దాచకుండా అంతా చెప్పింది. తిట్టు కోసం కాచుకుంది. అతను మాత్రం చేతికర్ర అడిగాడు. దెల్ఫీనా పక్కన పట్టుకుని నడిచినా వీధి దాటడానికి పావుగంట పట్టింది. రెమిజియో తలుపు తీసి, నవ్వకుండా నిలబడ్డాడు.

“ఎందుకు పోశావురా?” అన్నాడు ఒత్తావియో.

“నువ్వంటే కోపం. వైన్ ఏం చేసింది? నాది పోసి దాన్ని పాడుచేశానంటే చెప్పు, మాట పడతాను.”

“పాడు కాలేదు. నిలబడింది. నేనే నిలబడలేకపోతున్నాను, కుర్చీ వెయ్యి.”

రెమిజియో కుర్చీ తెచ్చాడు. ఒత్తావియో కూర్చుని, ఊపిరి తీసుకుని, ఈ ఏడాది నింపే సీసాల మీద తన కొండ పేరు వెయ్యనన్నాడు. దెల్ఫీనా తెల్లబోయింది. ఆ పేరు మానుకోవడమంటే ఆ మనిషికి ఇంటిపేరు మానుకున్నంత పని.

“అంత అవసరం లేదు,” అన్నాడు రెమిజియో, కళ్లు దించుకుని. “నేను పోసిందెంత, మూడు జాడీలు.”

“ఆ మూడే లేకపోతే నాకు మిగిలేది వెనిగరేరా,” అన్నాడు ఒత్తావియో.