మావోడి మోటారు, మీవోడి మోటారు

కళ్లారా చూశాను కాబట్టి చెబుతున్నాను. రొంపిచెర్ల దగ్గర మా ఊరి కాలువ మీద రెండు పెద్ద మోటార్లు రాత్రింబవళ్లు నీళ్లు తోడేస్తున్నాయి. ఒకటి అధికార పార్టీ నాయకుడిది, రెండోది ప్రతిపక్ష నాయకుడిది. కాలువ చివర చిన్న రైతుల మిరపచేలు పూత మీద వాడిపోతున్నాయి. వారంలోగా తడి అందకపోతే పంట దక్కదు.

రెండు మోటార్లూ పీకేద్దామని రైతుకూలీ సంఘం తరఫున మీటింగు పెట్టాను. నీళ్ల గురించి ఐదు నిమిషాలు, పార్టీల గురించి రెండు గంటలు మాట్లాడారు.

“మీవోడు తోడేది దొంగనీళ్లు,” అన్నాడు హనుమయ్య. ఆయనది అధికార పార్టీ.

“మీవోడు తోడేదేంది మావా, తీర్థమా?” అన్నాడు ప్రతిపక్షం మనిషి మీరా సాహెబ్.

“మావోడు ఆపదలో ఆదుకున్నోడు. ఆయన మోటారు మీద చెయ్యేసి, రేపు మొకం ఎట్టా చూపిచ్చేది?”

మీరా సాహెబ్‌దీ అదే మాట. నాకు ఒళ్లు మండింది. ఎండేది ఒకే కాలువ కింది చేలు, బుద్ధులు మాత్రం రెండు జెండాలకు తాకట్టు.

చివరికి హనుమయ్యే ఉపాయం చెప్పాడు. “మావోడి మోటారు మీరు పీకండి, మీవోడిది మేం పీకుతాం. ఎవరూ సొంతోడికి ద్రోహం చేసినట్టుండదు.”

అందరూ సరేనన్నారు. నేనూ చప్పట్లు కొట్టాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మర్నాడు పొద్దున్నే, అనుకున్నట్టే వీళ్లోడిది వాళ్లు, వాళ్లోడిది వీళ్లు, రెండు మోటార్లనూ పైపులతో సహా గట్టు మీదికి లాగేశాం. మధ్యాహ్నానికి పోలీసులు దిగారు. నీళ్ల గొడవని రాయలేదు, పార్టీల కక్షలని రాశారు. ఆ మాట మేమే వాళ్ల నోటికి అందించాం. స్టేషన్లో ఒక బెంచీ మీద వీళ్లను, ఇంకో బెంచీ మీద వాళ్లను కూర్చోబెట్టారు.

సాయంత్రం నాయకులిద్దరూ వచ్చారు, ఎవరి మనుషుల్ని వాళ్లు విడిపించుకోవడానికి.

“సంతకం పెట్టు హనుమయ్యా, ఇంటికి పోదాం. ముందు వాళ్లే మన మీదకొచ్చారని రాయించా,” అన్నాడు ఆయన నాయకుడు.

హనుమయ్య ఆ కాగితాన్ని పక్కకు నెట్టాడు. “నీ మోటారు పీకింది నేనేనని రాయమను. నీళ్లు లేక పీకానని రాయమను.”

“పిచ్చెక్కిందా?”

మీరా సాహెబ్ లేచొచ్చి హనుమయ్య పక్కన కూర్చున్నాడు. “మావోడిది పీకింది నేను. రాసుకోండి సారూ.”

మిగతావాళ్లూ ఒక్కొక్కరే అదే మాటన్నారు. ఎస్సై ఒక్క ముక్క రాయలేదు. నాయకులిద్దరూ ఒకే కారెక్కి వెళ్లిపోయారు. మమ్మల్ని రిమాండుకు పంపారు.

వారం తర్వాత హనుమయ్య భార్య అన్నపూర్ణ జైలుకొచ్చింది. మోటార్లు మళ్లీ నడుస్తున్నాయని చెప్పింది. ఏం చేయగలం, ఊచల వెనక నుంచి?

“చేను పోయింది,” అంది. “నువ్వు మాత్రం ఆ కాయితం మీద సంతకం పెట్టమాక. రేపు ఆడోళ్లం కాలవ మీదికి పోతన్నాం. ఈసారి మావోడి మోటారు మేమే పీకుతాం.”